పెద్దపల్లి ప్రాంతంలో పురుషుల ఆరోగ్యం

పెద్దపల్లి ఉత్తర తెలంగాణలోని ఒక పట్టణము, జిల్లా కేంద్రము. 2016 అక్టోబరు 11న కరీంనగర్ జిల్లా నుండి విడివడి ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది. గోదావరి నది ఈ జిల్లాకు ఉత్తరపు సరిహద్దుగా ప్రవహించుచున్నది. వరి, పత్తి పండించే పల్లెలు, గోదావరిఖని బొగ్గు గనులు, రామగుండం విద్యుత్ కేంద్రము, బసంత్‌నగర్ సిమెంటు కర్మాగారము, తాటివనాలు ఒకే జిల్లాలో ఉండుటచేత ఇక్కడి పురుషుల ఆరోగ్య చరిత్ర, వారి వృత్తుల చరిత్ర ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉన్నవి. ఒకే వ్యాధి స్త్రీలలో ఒక విధంగాను, పురుషులలో మరొక విధంగాను పరిణమించుటకు కూడా ఈ ప్రాంతము మంచి ఉదాహరణ. బోదవ్యాధి ఇందులో ముఖ్యమైనది.

నేపథ్యము

భారతదేశంలో పురుషుల సగటు ఆయుర్దాయము స్త్రీల కంటే తక్కువ. జనన మరణాల నమూనా నమోదు లెక్కల ప్రకారం 2016-20 కాలానికి ఇది పురుషులలో 68.6 సంవత్సరాలు, స్త్రీలలో 71.4 సంవత్సరాలు. అంతమాత్రాన స్త్రీలు ఎక్కువ ఆరోగ్యవంతులని భావించరాదు. 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలగా, పురుషులలో అది 15.3 శాతమే. స్త్రీలు ఎక్కువ కాలం జబ్బుతో బ్రతుకుట, పురుషులు తక్కువ జబ్బుపడినట్లు కనిపించి ముందుగా మరణించుట ప్రపంచంలో చాలా దేశాలలో గమనించిన విషయము.

దీనికి చెప్పే కారణాలు మూడు రకాలు. మొదటిది శరీర నిర్మాణము, జన్యువులు, హార్మోనులు. రెండవది చేసే పని, అలవాట్లు. మూడవది వైద్యుని దగ్గరకు ఎప్పుడు వెళ్ళుదురన్నది. ఈ మూడింటిలో మొదటిదానిని గురించి గ్రంథాలలో ఎక్కువగా వ్రాయబడినది గాని, పెద్దపల్లి వంటి చోట్ల మిగిలిన రెండింటి బరువే ఎక్కువ.

బోదవ్యాధి

బోదవ్యాధి (ఫైలేరియా) ఉఛెరీరియా బాంక్రాఫ్టీ అనే సన్నని దారం వంటి పురుగు వలన కలుగును. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దీనిని ఒకరినుండి మరొకరికి చేర్చును. పాత కరీంనగర్ జిల్లా ఈ వ్యాధి స్థిరంగా ఉన్న జిల్లాలలో ఒకటిగా గుర్తించబడినది. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రవేత్తలు కరీంనగర్, చిత్తూరు, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాలలో ఈ వ్యాధికి, ప్రజల సామాజిక ఆర్థిక స్థితిగతులకు గల సంబంధాన్ని పరిశీలించి 2012లో ఫలితాలను ప్రచురించారు. నీరు కదలని మురుగుకాలువలు, మూతలేని గుంతలు ఉన్న చోట దోమ, దానివెంట వ్యాధి నిలిచి ఉండును.

ఈ పురుగు పిల్లలు (మైక్రోఫైలేరియా) పగలు లోతైన రక్తనాళాలలో దాగి ఉండి రాత్రి పదింటి నుండి రెండింటి వరకు రక్తంలో ఎక్కువగా తిరుగును. అందుచేతనే ఆరోగ్య శాఖవారు రాత్రివేళ ఇండ్లకు వచ్చి వేలినుండి రక్తపు చుక్క తీసుకొందురు. ఇటువంటి పరీక్షలలో మైక్రోఫైలేరియా సాధారణంగా స్త్రీలకంటే పురుషులలో ఎక్కువగా కనిపించును. ఈ తేడా చిన్నపిల్లలలో అంతగా ఉండదు. యుక్తవయస్సు వచ్చిన తరువాత స్పష్టమగును. మగవారు వేసవిలో చొక్కా లేకుండా ఆరుబయట పడుకొందురు కనుక దోమకాట్లు ఎక్కువని కొందరు కారణం చెప్పుదురు. ఇది కొంతవరకు నిజమే కావచ్చును గాని, సంతానవయస్సులోని స్త్రీలలో వ్యాధినిరోధక శక్తి ఈ పురుగును ఎదుర్కొనే తీరులోనే తేడా ఉన్నదని పరిశోధకులు భావించుచున్నారు.

అసలు తేడా వ్యాధి ముదిరిన తరువాత కనిపించును. స్త్రీలలో ఇది ముఖ్యంగా కాలువాపుగా, అనగా బోదకాలుగా బయటపడును. చేయి, రొమ్ము వాచుట అరుదు. పురుషులలో పెద్ద పురుగులు వృషణాల చుట్టూ ఉన్న శోషరస నాళాలలో నివాసం ఏర్పరచుకొనును. అల్ట్రాసౌండ్ పరీక్షలో అవి నిరంతరం మెలికలు తిరుగుచూ కనిపించుటను వైద్యులు ఫైలేరియా నాట్యము అని పిలుతురు. నాళాలు దెబ్బతిని, వృషణాన్ని చుట్టి ఉండే పొరల మధ్య నీరు చేరి సంచి వాచును. దీనినే వరిబీజము అందురు. వాడుకలో బుడ్డ అనే మాట ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో బోదవ్యాధి వలన వరిబీజము వచ్చిన పురుషులు సుమారు రెండున్నర కోట్లమంది కాగా, కాలు చేతుల వాపు ఉన్నవారు స్త్రీ పురుషులు కలిపి కోటిన్నర మంది. అనగా బోదవ్యాధి అనగానే అందరికీ ఏనుగుకాలు గుర్తుకు వచ్చినప్పటికీ, ఈ వ్యాధికి ఎక్కువగా ఉండే రూపము బట్టల మాటున ఉండే రూపమే.

వరిబీజము ప్రాణాంతకము కాదు. నొప్పి కూడా చాలామందిలో ఉండదు. కాని నిమ్మకాయంత ఉన్నది కొబ్బరికాయంత అయ్యేసరికి సైకిలు తొక్కుట, నాగలి పట్టుట, బరువు మోయుట, చెట్టు ఎక్కుట కష్టమగును. దాంపత్య జీవితము దెబ్బతినును. పెండ్లి సంబంధాలు తప్పిపోవుననే భయంతో యువకులు తల్లిదండ్రులకు కూడా చెప్పరు. పెద్దవారు ప్యాంటు మాని లుంగీకో ధోవతికో మారుదురు. ఊరిలో ఆ మనిషికి పెట్టే ఎగతాళి పేరు జీవితాంతము అతనిని అంటిపెట్టుకొని ఉండును.

విచారకరమైన సంగతి ఏమనగా, బోదకాలుకు పూర్తి నివారణ లేదు గాని వరిబీజానికి ఉన్నది. ముదిరిన కాలువాపును శుభ్రత, వ్యాయామము, పుండ్లు పడకుండా చూసుకొనుట ద్వారా అదుపులో ఉంచగలరు, అంతే. వరిబీజాన్ని మాత్రం చిన్న శస్త్రచికిత్సతో నయము చేయవచ్చును. ఇది జిల్లా స్థాయి ఆసుపత్రిలో, నడుము క్రింది భాగానికి మాత్రమే మత్తు ఇచ్చి చేయదగినది. సూదితో నీరు తీయించుకొనుట వలన ప్రయోజనము తాత్కాలికము. నీరు మరల చేరును, పైగా చీము పట్టే ప్రమాదము కలదు. డై ఇథైల్ కార్బమజైన్ (డి.ఇ.సి.) మాత్రలు పురుగు పిల్లలను చంపును గాని పెరిగిన వరిబీజాన్ని తగ్గించవు. ఈ విషయము తెలియక మాత్రలు మింగి, తగ్గలేదని నిరాశపడి ఊరుకొనువారు కలరు. శస్త్రచికిత్స తరువాత కొన్ని వారాలు బరువు పనులు చేయరాదు. కూలివానికి అది కూలి పోవుటే. ఆ నష్టానికి వెనుకాడి వాయిదా వేయుచూ ఇరవై, ముప్పై సంవత్సరాలు మోసినవారు కూడా ఉందురు.

నిర్మూలన కార్యక్రమము

భారతదేశంలో జాతీయ బోదవ్యాధి నియంత్రణ కార్యక్రమము 1955లో ప్రారంభమైనది. 2004 నుండి వ్యాధి ఉన్న జిల్లాలలో జనులందరికీ సంవత్సరానికి ఒకసారి డి.ఇ.సి. మాత్రలు మింగించుట మొదలుపెట్టి, తరువాత అల్బెండజోల్ మాత్రను కూడా చేర్చారు. ఇటీవలి కాలంలో కొన్ని జిల్లాలలో ఐవర్‌మెక్టిన్‌తో కలిపి మూడు మందులు ఇచ్చుచున్నారు. 2027 నాటికి వ్యాధిని నిర్మూలించుట దేశపు లక్ష్యము. రెండేండ్ల లోపు పిల్లలకు, గర్భిణీ స్త్రీలకు, తీవ్రంగా జబ్బుపడినవారికి ఈ మాత్రలు ఇవ్వరు.

ఈ కార్యక్రమంలో పురుషులకు సంబంధించి రెండు చిక్కులు కలవు. ఆశా కార్యకర్త పగటిపూట ఇంటికి వచ్చునప్పటికి మగవారు చేనులోనో, గనిలోనో, లారీ మీదనో ఉందురు. మాత్రలు ఇంట్లో ఇచ్చి వెళ్ళినచో అవి గూటిలోనే ఉండిపోవుట సామాన్యము. ఎన్నడూ మాత్ర మింగనివారు కొద్దిమంది ఉన్నను వ్యాధి ఊరిలో మిగిలిపోవును. రెండవది లెక్కకు సంబంధించినది. బోదకాలు వాకిట్లో కూర్చున్న మనిషిని చూచినంతనే తెలియును. వరిబీజము ఉన్నదా అని ఊరి ఆడపడుచు అయిన ఆశా కార్యకర్త అడుగలేదు, అడిగినను అతడు చెప్పడు. అందుచేత వరిబీజపు లెక్కలు వాస్తవంకంటే తక్కువగానే ఉండునని భావించవలెను.

2018లో తెలంగాణ ప్రభుత్వము బోదకాలు రోగులకు నెలకు 1,000 రూపాయల పింఛను ప్రకటించినది. 2019లో దీనిని 2,016 రూపాయలకు పెంచారు.

బొగ్గు గనులు

గోదావరిఖని, రామగుండం, మంథని ప్రాంతాలలో సింగరేణి కాలరీస్ కంపెనీ గనులు ఉన్నవి. గనుల చట్టము, 1952 స్త్రీలు భూగర్భ గనులలో పనిచేయుటను నిషేధించినది. 2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వము కొన్ని షరతులతో దీనిని సడలించువరకు భూగర్భంలో పని పూర్తిగా పురుషులదే. కనుక పైకప్పు కూలుట, నీరు ముంచెత్తుట, విషవాయువులు వంటి ప్రమాదాలలో మరణించినవారందరూ పురుషులే. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొరబడి 17 మంది కార్మికులు మరణించారు. 2022 మార్చిలో అడ్రియాల గనిలో పైకప్పు కూలి ముగ్గురు మరణించారు.

ప్రమాదము ఒక్కరోజులో జరుగును. దుమ్ము పని అలా కాదు. బొగ్గు దుమ్మును ఏండ్ల తరబడి పీల్చుట వలన ఊపిరితిత్తులలో మచ్చలు ఏర్పడి న్యుమోకోనియోసిస్ అనే వ్యాధి వచ్చును. రాతి పొరలు తొలిచేచోట సిలికా దుమ్ము వలన సిలికోసిస్ వచ్చును. ఈ రెండూ నయము కావు. పని మానిన తరువాత కూడా పెరిగే అవకాశము ఉన్నది. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సులభంగా సోకును. లక్షణాలు కనబడుటకు సామాన్యంగా పది సంవత్సరాలు, అంతకుమించి పట్టును. అందుచేత కార్మికుడు పదవీ విరమణ చేసి సొంత ఊరు చేరిన తరువాత ఆయాసము మొదలగుట, దానిని వయస్సు మీద పడుటగా భావించుట జరుగుచుండును.

ఇందులో ఒక విచిత్రము కలదు. ప్రమాదకరమైన పనిచేసే గని కార్మికునికి గనుల నియమావళి, 1955 ప్రకారం నిర్ణీత కాలానికి ఒకసారి వైద్యపరీక్ష తప్పనిసరి. రక్తపోటు, మధుమేహము, చూపు, వినికిడి లోపాలు ఆ పరీక్షలో బయటపడును. ప్రక్క ఊరి రైతుకు నలభై ఏండ్లు దాటినను ఒక్కసారి కూడా రక్తపోటు చూచినవారు ఉండకపోవచ్చును. సింగరేణిలో వైద్యపరంగా పనికి అనర్హుడైన కార్మికుని స్థానంలో వారసునికి ఉద్యోగము ఇచ్చే పద్ధతి కూడా ఉన్నది. తండ్రి జబ్బు కుమారుని జీవనాధారము అగుట ఈ ప్రాంతపు కుటుంబాలలో వింతగా తోచని విషయము.

గీత కార్మికులు

తాటి, ఈత చెట్ల నుండి కల్లు తీయు వృత్తి పురుషులదే. కార్మికుడు మోకు, ముస్తాదు సహాయంతో రోజుకు అనేక చెట్లు ఎక్కి దిగును. వర్షాకాలంలో చెట్టు తడిసి మోకు జారుట వలన పడిపోయి మరణించుట లేదా వెన్నెముక విరిగి మంచాన పడుట తరచుగా జరుగుచున్నది. వెన్నుపాము దెబ్బతిన్నవారికి కాళ్ళు చచ్చుబడుటయే గాక మూత్రము మీద అదుపు పోవును. తరువాతి కాలంలో ఎక్కువమంది ప్రాణం తీసేది పడిన దెబ్బ కాదు, పడక పుండ్లు, మూత్ర సంబంధమైన ఇన్‌ఫెక్షన్లు. ఈ సేవ అంతయు ఇంటిలోని స్త్రీల మీద పడును. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వము గీత కార్మికులకు కాటమయ్య రక్ష పేరుతో భద్రతా పరికరాలు పంపిణీ చేయుట ప్రారంభించినది. చెట్టుమీద పట్టు తప్పినను మనిషి క్రింద పడకుండా ఆపుట వీటి ఉద్దేశము.

క్షయ, పొగాకు, మద్యము

క్షయ పురుషులలో ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో ప్రపంచంలో కొత్తగా క్షయ సోకినవారిలో 55 శాతం పురుషులు, 33 శాతం స్త్రీలు, మిగిలినవారు పిల్లలు. పొగ త్రాగుట, మద్యము, దుమ్ము ఉన్న పనులు, జనసమ్మర్దంలో తిరుగుట దీనికి కారణాలు. స్త్రీలకు సోకినప్పుడు పరిణామము వేరు. మందులు వాడి నయమైనను అత్తవారింట నిరాదరణకు గురియగుదురు.

పొగాకు విషయంలో ఉత్తర తెలంగాణది ప్రత్యేక స్థితి. ఇక్కడి అడవులలో తునికాకు సేకరించుట, ఇండ్లలో బీడీలు చుట్టుట స్త్రీలకు ముఖ్య జీవనాధారాలలో ఒకటి. త్రాగేది ఎక్కువగా పురుషులు. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేండ్లు దాటిన పురుషులలో 22.3 శాతం, స్త్రీలలో 5.6 శాతం మంది పొగాకు వాడుచున్నారు. ఒకే బీడీ వలన భర్తకు ఊపిరితిత్తుల జబ్బు, పొగాకు ధూళి పీల్చిన భార్యకు దగ్గు, నడుమునొప్పి రావచ్చును.

అదే సర్వేలో మద్యము సేవించువారు పురుషులలో 43.3 శాతం, స్త్రీలలో 6.7 శాతం. పురుషుల విషయంలో దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. కాలేయము గట్టిపడుట (సిర్రోసిస్) అందుచేత పురుషులలోనే ఎక్కువగా కనిపించును. అయితే త్రాగే స్త్రీలకు అంతకంటే తక్కువ మోతాదులోనే కాలేయము చెడును. కల్లులో ఆల్ప్రజోలం, డయాజెపామ్ వంటి మత్తుమందులు కలుపుట వలన మరొక చిక్కు ఏర్పడినది. అలవాటుపడినవారు ఒక్కసారిగా మానినచో వణుకు, మూర్ఛ, మతిభ్రమణ వచ్చును. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు తెలంగాణలో అనేకులు ఈ లక్షణాలతో ఆసుపత్రుల పాలైనారు. మానుట కూడా వైద్యుని పర్యవేక్షణలోనే జరుగవలెను.

ఆత్మహత్యలు

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో భారతదేశంలో ఆత్మహత్య చేసుకొన్నవారిలో 71.8 శాతం పురుషులు. ఉత్తర తెలంగాణలో పత్తి సాగు, బోరుబావుల ఖర్చు, వడ్డీ అప్పులు రైతుల మరణాలకు నేపథ్యంగా ఉన్నవి. అప్పు పురుషుని పేర ఉండును, పట్టా కూడా అతని పేరనే ఉండును. పొలంలో సగము పైగా పని చేసే స్త్రీ మరణించినప్పుడు ఆమెను రైతుగా కాక గృహిణిగా నమోదు చేయుట పరిపాటి. కనుక ఈ లెక్కలలో స్త్రీ పురుష భేదము కొంత నిజము, కొంత నమోదు తీరు. దిగులు, నిద్రలేమి, మాట తగ్గిపోవుట, త్రాగుడు పెరుగుట పురుషులలో మానసిక కృంగుబాటుకు సామాన్య లక్షణాలు. వీటిని జబ్బుగా గుర్తించువారు తక్కువ. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ ఉచిత ఫోను సేవ (14416) ద్వారా తెలుగులోనూ సలహా పొందవచ్చును.

గుండెజబ్బులు, ఎండదెబ్బ, జన్యు కారణాలు

గుండెపోటు స్త్రీలకంటే పురుషులకు సుమారు పదేండ్లు ముందుగా వచ్చును. ముట్లుడిగే వరకు ఈస్ట్రోజెన్ హార్మోను స్త్రీలకు కొంత రక్షణ ఇచ్చుట ఒక కారణము. స్త్రీలలో ఛాతీనొప్పి కంటే ఆయాసము, వికారము, నీరసము ఎక్కువగా ఉండుటచేత గుర్తించుటలో ఆలస్యము జరుగును.

రామగుండం రాష్ట్రంలో ఎండలు తీవ్రంగా ఉండే చోట్లలో ఒకటి. 2015 వేసవిలో తెలంగాణలో వడదెబ్బకు ఐదు వందలమందికి పైగా మరణించారు. దేశంలో నమోదైన వడదెబ్బ మరణాలలో పురుషులే ఎక్కువ. ఉపరితల గనులలోను, ఇటుక బట్టీలలోను, ఉపాధి కొరకు వెళ్ళిన గల్ఫ్ దేశాలలోను ఎండలో పని చేయువారికి ఇది వృత్తిసంబంధమైన వ్యాధియే.

పుట్టుకతో వచ్చే తేడాలలో ఈ ప్రాంతానికి ముఖ్యమైనది జి-6-పి.డి. అనే ఎంజైము లోపము. దీని జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉండును. పురుషునికి ఎక్స్ ఒక్కటే కనుక లోపము పూర్తిగా బయటపడును. ఇటువంటివారికి మలేరియాకు ఇచ్చే ప్రిమాక్విన్ మాత్ర వలన రక్తకణాలు పగిలి కామెర్లు, నల్లని మూత్రము రావచ్చును. మలేరియా ఉండే మంథని, ఆదిలాబాదు అడవి ప్రాంతాలలో వైద్యులు దీనిని గుర్తుంచుకోవలసి ఉన్నది.

వైద్యసేవల వినియోగము

పురుషులు ఆసుపత్రికి ఆలస్యంగా వచ్చుట ప్రపంచమంతటా ఉన్నదే. ఐర్లండ్, బ్రెజిల్, ఆస్ట్రేలియా వంటి దేశాలు 2008-10 మధ్య పురుషుల ఆరోగ్యానికి ప్రత్యేక విధానాలు ప్రకటించినవి. భారతదేశంలో అటువంటిది లేదు. ప్రాథమిక ఆరోగ్య వ్యవస్థ తల్లీబిడ్డల చుట్టూ నిర్మించబడినది, దానికి తగిన కారణము కూడా ఉన్నది. 2023 మార్చి 8న కరీంనగర్‌లో ప్రారంభమైన ఆరోగ్య మహిళ కార్యక్రమము ద్వారా ప్రతి మంగళవారము స్త్రీలకు ప్రత్యేక పరీక్షలు జరుపుట మొదలైనది. మగవారికి అటువంటి రోజు లేదు.

అయితే ఈ ప్రాంతపు పురుషులు శస్త్రచికిత్స అనగానే పారిపోవుదురనుట సరికాదు. కుటుంబ నియంత్రణకు భార్యకు బదులు భర్త వేసెక్టమీ చేయించుకొనుట దేశంలో చాలా అరుదు. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇది దేశం మొత్తానికి 0.3 శాతమే. తెలంగాణలో సుమారు 2 శాతం. రాష్ట్రంలో కూడా పాత కరీంనగర్, వరంగల్ జిల్లాలలో ఇది మొదటినుండి ఎక్కువగా ఉన్నది. వరుసగా శిబిరాలు జరుగుట, ఊరిలో ముందు చేయించుకొన్నవారు ఉండుట, రెండు రోజులలో ఇంటికి చేరగలుగుట ఇందుకు తోడ్పడినవి. వరిబీజపు శస్త్రచికిత్స కూడా అదే అవయవ ప్రాంతానికి సంబంధించినది, అంతకంటే ఎంతో పెద్దది కాదు. దానికి మాత్రం రోగి తనంత తాను ఆసుపత్రికి వచ్చి చెప్పుకొనవలసి ఉన్నది. పెద్దపల్లిలో ప్రభుత్వ ఆసుపత్రి, గోదావరిఖనిలో సింగరేణి ఆసుపత్రి ఉన్నవి. 2022 నవంబరు 15న రామగుండంలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది.